ఇద్దరు చిరంజీవుల శుభలేఖ

2024 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు ఒక భార్యాభర్తల వివాదంలో తేల్చిచెప్పిన సంగతి ఇది: హిందూ వివాహ చట్టం అడిగే తంతు జరగకపోతే, చేతిలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉన్నా అది పెళ్లి కాదు. పెళ్లంటే ఆటపాటలకూ విందులకూ ఒక సాకు కాదని కూడా అందులోనే అన్నారు. దానికి ఆరు నెలల ముందు, 2023 అక్టోబర్ 17న, అదే కోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, స్వలింగ జంటల పెళ్లికి గుర్తింపు అడిగిన సుప్రియో కేసులో తీర్పు ఇచ్చింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ అన్నారు. స్వలింగ జంటలకు కనీసం సివిల్ యూనియన్ (పెళ్లి అనకుండానే చట్టం గుర్తించే బంధం) రూపంలోనైనా గుర్తింపు ఇవ్వాలన్న మాట ముగ్గురు కాదనడంతో వీగిపోయింది. పునఃసమీక్ష పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు. ఆ కేసు వేసిన జంట హైదరాబాద్‌దే. 2021 డిసెంబర్‌లో నగర శివార్లలో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నాకే కోర్టుకు వెళ్లారు.

ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే విడ్డూరంగా ఉంటుంది. తంతు లేని కాగితం చెల్లదు. కాగితం రాని తంతు మాత్రం ఎన్నైనా జరుపుకోవచ్చు, ఎవరూ ఆపరు. మన నగరాల్లో ఇద్దరు మగవాళ్లు కలిసి బతికే జీవితం ఈ సందులోనే సాగుతోంది. వాళ్ల వేడుకతో హక్కులేవీ రావు. సాక్షులు వస్తారు. ఫలానా ఇద్దరూ ఒక ఇల్లు అని చెప్పగలిగే నలుగురు మనుషులు పోగవుతారు. ఆ తేడా తెలిసిన జంట శుభలేఖ దగ్గర నుంచి చదివింపుల పుస్తకం దాకా ప్రతిదీ వేరుగా ఆలోచించుకోవాలి.

మొదటి చిక్కు శుభలేఖలోనే వస్తుంది. తెలుగు శుభలేఖకు ఒక అచ్చు ఉంది: వరుడికి ‘చి.’, వధువుకు ‘చి.ల.సౌ.’. ఇద్దరూ వరులైతే రెండు పేర్ల ముందూ ‘చి.’ వేస్తే సరిపోతుంది, భాషకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది ప్రెస్సులో. డీటీపీ చేసేవాళ్ల దగ్గర ఫైలు ముందే తయారుగా ఉంటుంది. రెండో పేరు ముందు ‘చి.’ కనబడగానే పొరపాటు అనుకుని ‘ల.సౌ.’ చేర్చేస్తారు. అందుకని ప్రూఫు రెండుసార్లు చూడాలి, ‘ఇద్దరూ అబ్బాయిలే, సరిగానే రాశాం’ అని ఆర్డరు కాగితం మీద రాసి ఇవ్వాలి. రెండో చిక్కు ఎవరు పిలుస్తున్నారన్నది. తల్లిదండ్రులు ముందుకు వస్తే ‘మా ద్వితీయ పుత్రుడు’ అనే పాత వాక్యం యథాతథంగా నిలుస్తుంది. ఒక వైపు వాళ్లే వచ్చి, రెండో వైపు వాళ్లు రాకపోతే, ఒకరికి తల్లిదండ్రుల పేర్లు వేసి ఇంకొకరి దగ్గర ఖాళీ వదిలితే చదివేవాళ్ల కళ్లన్నీ ఆ ఖాళీ మీదే పడతాయి. అప్పుడు ఇద్దరి పేర్లతోనే ‘మేము పిలుస్తున్నాం’ అని వేయడమే మర్యాద. ‘సుముహూర్తం’ అన్న మాట ఉంచాలా, ‘వేడుక’ అనాలా అన్నది వాళ్లిష్టం. నాలుగు మూలలా పసుపు రాయడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డు రాదు.

తంతులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది అసలు ఆసక్తికరమైన ప్రశ్న. తెలుగు పెళ్లిని విడగొట్టి చూస్తే రెండు రకాల ఘట్టాలు కనబడతాయి. కన్యాదానం, కాళ్లు కడగడం, గౌరీపూజ, బుట్టలో కూర్చోబెట్టి తేవడం, అప్పగింతలు: ఇవన్నీ ఒకరిని ఇచ్చేవి, ఒకరు పుచ్చుకునేవి. ఇద్దరు వరుల దగ్గర వీటికి తావు దొరకదు. బలవంతాన ఇరికిస్తే ‘మీలో పెళ్లికూతురు ఎవరు’ అన్న ప్రశ్నకు వాళ్లే జవాబు చెప్పినట్టవుతుంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, దండలు మార్చుకోవడం, సప్తపది: ఇవి ఇద్దరూ సమానంగా చేసేవి. చాలా ఇళ్లలో అసలు ముహూర్తంగా పాటించేది జీలకర్ర బెల్లాన్నే. అది మొదటి నుంచీ రెండు వైపులా ఒకటే. అడ్డుతెర వెనక నుంచి ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టడం. అందులో ఆడ మగ తేడా ఎక్కడా లేదు.

కాశీయాత్ర సంగతి సరదాగా ఉంటుంది. వరుడు గొడుగు, కర్ర పట్టుకుని సన్యాసానికి బయలుదేరితే బావమరిది వచ్చి బతిమాలి వెనక్కి తెస్తాడు. ఇక్కడ ఇద్దరూ బయలుదేరతారు కనుక ఎవరి తమ్ముడు ఎవరిని ఆపాలో ముందే అనుకోవాలి. లేకపోతే ఇద్దరూ గేటు దాటిపోతారు.

మంత్రాల దగ్గర కొంచెం వ్యాకరణం పనికొస్తుంది. మంగళసూత్రం కట్టేటప్పుడు చదివే శ్లోకంలో ‘కంఠే బధ్నామి సుభగే’ అని ఉంది. సుభగే అన్నది స్త్రీని పిలిచే రూపం. ‘సుభగ’ అంటే పురుషుడిని పిలిచినట్టు, పాదంలో అక్షరాల లెక్క ఎనిమిది ఎనిమిదిగానే ఉంటుంది. మార్పు అంతే. సప్తపదికి ఆ మాత్రం మార్పు కూడా అక్కర్లేదు. ఏడో అడుగు తర్వాత వచ్చే మాట ‘సఖా సప్తపదా భవ’. ఏడడుగులు నడిచి నాకు సఖుడివి కమ్మని అర్థం. అక్కడ ఉన్నది సఖీ కాదు, సఖా. వేల ఏళ్లుగా వధువును ఉద్దేశించి చదువుతున్న మంత్రంలో పుంలింగం ఉందంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది గానీ, మాట అదే. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ కూడా సప్తపది ఆచారమున్న చోట ఏడో అడుగుతోనే పెళ్లి పూర్తయిందంటుంది. కాకపోతే 5వ సెక్షన్ వరుడికి 21, వధువుకు 18 అని వయసులు రాసి తలుపు వేసేసింది.

పురోహితుడితో ఈ మార్పులన్నీ నెల ముందే, కాగితం మీద, ఘట్టాల వరుసతో సహా ఖాయం చేసుకోవాలి. పీటల మీద కూర్చున్నాక మైకులో అలవాటు కొద్దీ ‘అమ్మాయి తరపు వాళ్లు రండి’ అనేస్తారు. తప్పు ఆయనది కాదు, నోటికి వచ్చినది అది. ఆ ఒక్క కేక చాలు, పందిట్లో నవ్వులు మొదలవడానికి.

సరంజామాలో రెండు చిన్న జాగ్రత్తలు. తలంబ్రాల బియ్యానికి కిలోకు రెండు చెంచాల పసుపు, ఒక చెంచా నెయ్యి చాలు. నెయ్యి ఎక్కువైతే ముద్దకట్టి చేతికి అంటుకుంటుంది, పోటీగా పోసుకోవడం కుదరదు. ఇక ఆరు రంగుల అలంకరణ. ఇలాంటి జంటలు తమ గుర్తుగా ఎగరేసే ఇంద్రధనుస్సు జెండాను గిల్బర్ట్ బేకర్ 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తయారు చేసినప్పుడు దానికి ఎనిమిది చారలు. గులాబీ రంగు బట్ట దొరక్క ఒకటి, చారలు సరిసంఖ్యలో ఉండాలని ఇంకొకటి తగ్గి ఆరు మిగిలాయి: పైనుంచి ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. మండపాన్ని పూలతో ఈ వరుసలో కట్టాలంటే మొదటి నాలుగూ తేలిక, నీలం దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. బజారులో వచ్చే నీలం చామంతి రంగు ఎక్కించినది. వాడిపోకుండా నీళ్లు చల్లగానే రంగు కారి పట్టుపంచె మీద పడుతుంది, ఇక పోదు. ఆరు రంగులూ కావాలంటే పూలలో కాకుండా గుమ్మం ముందు ముగ్గులో పెట్టుకోవడం మేలు. రంగవల్లి పొడి ఆరూ దొరుకుతాయి, తొక్కినా నష్టం లేదు.

అన్నిటికంటే ఎక్కువగా బెడిసేది ఫొటోల దగ్గర. వచ్చే అతిథుల్లో ఇంట్లో చెప్పుకోనివాళ్లు, ఆఫీసులో తెలియనివాళ్లు ఉంటారు. జంట బయటపడింది కనుక అతిథులు కూడా బయటపడ్డట్టే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఫొటోగ్రాఫరు ఒప్పందంలో మూడు మాటలు రాతపూర్వకంగా ఉండాలి: రీల్స్‌కు గానీ ప్రచారానికి గానీ ఒక్క ఫొటో కూడా వాడకూడదు, ముడి ఫైళ్లన్నీ అప్పగించి తన దగ్గరున్న కాపీ చెరిపేయాలి, సహాయకుల ఫోన్లలో ఏమీ తీయకూడదు. ఎవరిని తీయవచ్చో గుర్తుపట్టడానికి కంకణాలు పనికొస్తాయి. పసుపు కంకణం కట్టుకున్నవాళ్లు సరేనన్నట్టు, తెల్లదారం కట్టుకున్నవాళ్లు వద్దన్నట్టు. కంకణాలు పంచే బల్ల గుమ్మం దగ్గరే ఉండాలి. భోజనాల దగ్గర పెడితే అప్పటికే సగం ఫొటోలు అయిపోతాయి. ఇంత చేసినా డ్రోన్, ఎల్‌ఈడీ తెర మీద లైవ్ అనే రెండు రంధ్రాలు మిగులుతాయి. హాలులో తెర పెడితే కెమెరా పీటల మీదే నిలబడాలి, జనం మీదకు తిప్పకూడదు. ఊళ్లో ఉన్న అమ్మమ్మ కోసం యూట్యూబ్ లైవ్ పెడితే ‘అన్‌లిస్టెడ్’ లింకు చాలదు. అది వాట్సాప్‌లో ఎవరు ఎవరికి పంపినా తెరుచుకుంటుంది. ‘ప్రైవేట్’ పెట్టి ఈమెయిల్ పేర్లు ఎక్కించాలి, లేదా వీడియో కాల్‌తో సరిపెట్టుకోవాలి.

హాలు మేనేజరుకు ముందే చెప్పాలా వద్దా అని తటపటాయిస్తారు. చెప్పడమే నయం. రిసెప్షన్ బోర్డు మీద రెండు మగ పేర్లు చూశాక చెయ్యిచ్చే మేనేజరు కంటే, అడ్వాన్సు కట్టకముందే వద్దనే మేనేజరు మేలు. పాటల సౌండుకు మాత్రం అందరికీ ఒకటే నియమం: 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. గొడవ పెట్టదలచినవాళ్లకు ఈ నియమం తేలికైన ఆయుధం. కనుక 9:45కే ఆపేయడం తెలివి.

చదివింపుల సంగతి చాలామందికి తట్టదు. మామూలు పెళ్లిలో వచ్చిన కట్నకానుకలకు వధూవరుల చేతిలో ఆదాయపు పన్ను లేదు. అది ‘వివాహ సందర్భం’ కింద వచ్చే మినహాయింపు. చట్టం పెళ్లిగా చూడని వేడుకలో ఆ మినహాయింపు మీద ఆధారపడలేం. తల్లిదండ్రులు, తోబుట్టువుల వంటి దగ్గరి బంధువులు ఇచ్చినదానికి ఎలాగూ పన్ను ఉండదు. స్నేహితులు ఇచ్చినదే లెక్కకు వస్తుంది. ఆర్థిక సంవత్సరంలో అలాంటి నగదు కానుకలు మొత్తం రూ.50,000 దాటితే, దాటిన ముక్కకు కాదు, మొత్తానికీ పన్ను. పరిమితి ఒక్కొక్కరికీ విడిగా ఉంటుంది గనుక పుస్తకంలో ఏ కవరు ఎవరి పేరున వచ్చిందో రాయించాలి. బంధువులు మొహం చాటేసి స్నేహితులే ముందుండి జరిపించిన వేడుకకు పన్ను ఎక్కువ పడుతుందన్నమాట! జంటలో ఒకరు ఇంకొకరికి డబ్బు బదిలీ చేసినా ఇదే లెక్క. భార్యాభర్తల మధ్య లేని పన్ను ఇక్కడ ఉంటుంది. ఫ్లాటు కొనేటప్పుడు ఎవరి వాటా వాళ్లు నేరుగా అమ్మకందారుకు చెల్లించి, సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లూ, వాటాల శాతాలూ రాయించుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

సాక్షులు పోగవుతారని ముందు అనుకున్నాం కదా, వాళ్లను నిజంగానే సాక్షులుగా వాడుకోవాలి. వేడుకకు ముందు రోజు, ఇల్లంతా హడావుడి మొదలవకముందు, ఒక గంట పక్కన పెడితే చాలు. మొదటిది వీలునామా. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావలసింది ఇద్దరు సాక్షుల సంతకాలు. లబ్ధి పొందేవాళ్లను సాక్షిగా పెట్టకూడదు. రాసేవాళ్ల కంటే వయసులో చిన్నవాళ్లయితే మంచిది, రేపు కోర్టులో చెప్పవలసింది వాళ్లే. వీలునామా లేకపోతే ఏమవుతుంది? హిందూ వారసత్వ చట్టంలో పెళ్లికాని మగవాడి ఆస్తికి మొదటి వరుస వారసురాలు తల్లి. తల్లి లేకపోతే తండ్రి, ఆ తర్వాత తోబుట్టువులు. పాతికేళ్లు కలిసి బతికిన మనిషి పేరు ఆ పట్టికలో ఎంత కిందకు వెళ్లినా కనిపించదు.

బ్యాంకు సంగతి ఇప్పుడు కొంచెం తేలిక. స్వలింగ జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టడానికీ ఏ ఆంక్షా లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న ప్రకటించింది. కౌంటరులో తెలియదంటే ఆ ప్రకటన ప్రింటు చూపించాలి. ఖాతా ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు నడిపే) పద్ధతిలో ఉండేట్టు చూసుకోవాలి. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే తప్ప వారసుడు కాదని మరచిపోకూడదు. నామినేషన్ ఒకరి పేరున, వీలునామా ఇంకొకరి పేరున ఉంటే గెలిచేది వీలునామా. పీఎఫ్ దగ్గర ఇంకో మెలిక ఉంది. ఆ పథకం నిర్వచనంలో ఆధారపడిన తల్లిదండ్రులు ‘కుటుంబం’ కిందకు వస్తారు. కుటుంబం ఉన్న సభ్యుడు బయటివాళ్లను నామినీగా పెడితే చెల్లదు. ఆన్‌లైన్‌లో భాగస్వామి పేరు ఎక్కించేసి నిశ్చింతగా ఉంటే, అవసరం వచ్చిన రోజున బయటపడుతుంది.

ఆసుపత్రి కోసం రెండు కాగితాలు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 14వ సెక్షన్ ప్రకారం తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి, మానసిక చికిత్స విషయాల్లో ఎవరినైనా ప్రతినిధిగా నియమించుకోవచ్చు, బంధుత్వం ఉండాలని లేదు. ఇది ఎంత సులువో అంత తక్కువమంది చేస్తారు. రెండోది లివింగ్ విల్, అంటే కోలుకోలేని స్థితిలో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే కాగితం. 2023 జనవరిలో సుప్రీంకోర్టు సడలించాక ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. 2025 మేలో మద్రాస్ హైకోర్టు, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదనీ, ‘ఎంచుకున్న కుటుంబం’ అన్న భావనకు న్యాయశాస్త్రంలో చోటు ఉందనీ చెప్పింది. బాగుంది గానీ, రాత్రి రెండింటికి ఐసీయూ తలుపు దగ్గర తీర్పు చదివి వినిపించలేం. కాగితం జేబులో ఉండాలి.

కళల దగ్గరకు వద్దాం. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలు 2018 సెప్టెంబర్ 6న పీకిన తీర్పు ఒక నర్తకుడి పేరు మీద ఉంది. నవ్‌తేజ్ సింగ్ జోహర్ భరతనాట్య కళాకారుడు. ఆయన భాగస్వామి, పాత్రికేయుడు సునీల్ మెహ్రా కూడా పిటిషనరే. 2016లో కోర్టుకు వెళ్లేనాటికి ఇద్దరూ ఢిల్లీలో రెండు దశాబ్దాలకు పైగా కలిసి ఉన్నారు. పేరు బయటపెట్టి కోర్టుకెక్కే ధైర్యం నాట్యరంగం నుంచి రావడం కాకతాళీయం అనిపించదు. శరీరం గురించి మాట్లాడటం తప్పు కాని చోటు అది. అంతకు ముందు బరోడాలో భూపేన్ ఖఖ్ఖర్ పగలు చార్టర్డ్ అకౌంటెంట్‌గా లెక్కలు రాస్తూ, 1980ల మొదట్లోనే ఇద్దరు మగవాళ్ల అనురాగాన్ని కాన్వాసు మీదకు తెచ్చాడు.

మన దగ్గర ఈ చర్చ రాగానే కూచిపూడి స్త్రీవేషాన్ని ముందుకు తెస్తారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ జడ వేసుకుని వస్తే, స్థానం నరసింహారావు రంగస్థలం మీద పమిట సర్దుకుంటే జనం వెర్రెత్తిపోయారు కదా, మన సంప్రదాయం ఎంత ఉదారమో చూడండి అంటారు. ఈ వాదన నిలవదు. ఆడవాళ్లు రంగస్థలం ఎక్కకూడదన్న కట్టుబాటు వల్ల మగవాళ్లు కట్టిన వేషాలు అవి. ప్రేక్షకుడు మెచ్చుకున్నది విద్యను. తెర పడ్డాక ఇద్దరు మగవాళ్లు ఒక ఇంట్లో ఉండటం గురించి ఆ చప్పట్లు ఏమీ చెప్పవు. స్త్రీవేషాన్ని గౌరవించాలంటే కళగానే గౌరవించవచ్చు, సాక్ష్యంగా కోర్టుకు లాగనక్కర్లేదు.

జంటలకు కళలు నిజంగా అక్కరకు వచ్చేది వారం వారం కలిసే చోటుగా. ఇలాంటివాళ్లూ వాళ్ల మిత్రులూ కలిసి వీధిలో బాహాటంగా నడిచే ప్రైడ్ నడక ఏడాదికి ఒక్క రోజు. 1999 జూలై 2న కోల్‌కతాలో 15 మందితో మొదలైంది, హైదరాబాద్‌కు 2013 ఫిబ్రవరిలో వచ్చింది. మిగతా 364 రోజులకు నాటకం రిహార్సల్సు, సినిమా ప్రదర్శనలు, లామకాన్ లాంటి అందరికీ తెరిచిన ఆవరణలే దిక్కు. వీటిలో ఒక లోటు ఉంది. మాటలన్నీ ఇంగ్లీషులో సాగుతాయి. జిల్లాల నుంచి వచ్చి తెలుగులో ఆలోచించే జంట రెండుసార్లు మూల కూర్చుని మూడోసారి మానేస్తుంది. తెలుగులో ఒక చిన్న నాటికను పదిమంది కలిసి చదువుకునే సాయంత్రం పెడితే, పెద్ద ఉత్సవాలకు రానివాళ్లు కూడా వస్తారు. దానికి హాలు కూడా అక్కర్లేదు.

పండుగల్లో ఇద్దరు మగవాళ్ల ఇంటికి బాగా నప్పేది బొమ్మల కొలువు. చాలా పండుగలు ఇంట్లో ఒక ఇల్లాలిని అడుగుతాయి. ఇది అడిగేది మెట్లను, బొమ్మలను, కొంచెం కళాదృష్టిని. మెట్లు బేసి సంఖ్యలో, 3 గానీ 5 గానీ. పేరంటానికి వచ్చేవాళ్లు అరగంట కూర్చుంటారు, కొండపల్లి బొమ్మలనూ ఏటికొప్పాక లక్కబొమ్మలనూ చూస్తారు, తాంబూలం తీసుకుంటారు. మాట్లాడటానికి బొమ్మలు ఉంటాయి కనుక మనుషుల గురించి అడిగే పని పడదు. అపార్ట్‌మెంటులో ‘ఆ ఫ్లాటు అబ్బాయిలు’ కాస్తా ‘కొలువు పెట్టేవాళ్లు’ అవుతారు. రెండో ఏడు పిలవకుండానే వస్తారు. ఇబ్బంది బొట్టు దగ్గర వస్తుంది. పేరంటాళ్లకు బొట్టు పెట్టేది ఆడవాళ్లు. అమ్మో, అక్కో, పక్కింటి పెద్దావిడో ఆ పని చూసుకుంటే సరే. ఎవరూ లేకపోతే కుంకుమ భరిణె పళ్లెంలో పెట్టి ముందుకు జరిపితే చాలు, వచ్చినవాళ్లే పెట్టుకుంటారు.

చివరికి అందరూ తడబడేది పిలుపు దగ్గరే. పత్రికల్లో వాడే ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాట ఇంట్లో పనికిరాదు. అది మనుషుల్ని వదిలేసి మంచం దగ్గరే ఆగిపోయిన మాట. మామయ్య భార్య అత్త, బాబాయి భార్య పిన్ని. మామయ్యతో కలిసి ఉండే మగమనిషికి వరసల భాషలో మాట లేదు. పెద్దవాళ్లు ‘మా వాడి స్నేహితుడు’ అని దాటేస్తారు, సప్తపది చదివించినవాళ్లు కూడా! పిల్లలకు ఆ మొహమాటం ఉండదు. అక్క పిల్లలు ఇద్దరినీ మామయ్యా అనే పిలిచి, ఇద్దరూ ఒకేసారి పలికితే పక్కన పేరు తగిలిస్తారు. వీలునామాలో రాసేటప్పుడు మాత్రం వరసల జోలికి వెళ్లకూడదు. పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా రాసి, ‘నాతో కలిసి నివసిస్తున్న’ అని చేరిస్తే చాలు.